ఆపమంటే కొండెక్కిన బండి

ఆ ఆదివారం ఉదయం నిరుపమ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి మొగుడి బండికి పూజ చేయడం, పదకొండింటికి ఆ బండి కొండ ఎక్కలేక ఆగిపోవడం చూడటం, మధ్యాహ్నానికల్లా జాన్సన్‌విల్‌లోని ఇంటికెళ్ళి గ్యారేజ్ కొలతలు తీసుకోవడం. అందులో మూడు కుట్టు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, నిలువుటద్దం పెట్టాలి. వెల్లింగ్టన్ తెలుగు ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఏడేళ్ళుగా ఆమె డైనింగ్ టేబుల్ మీదే పుడుతున్నాయి. పప్పులో దారప్పోగులు ఏరుకోవడం ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.

గ్యారేజ్‌ని ఆక్రమించుకున్నది నూట పదేళ్ళ నాటి మోటార్‌సైకిల్. దానికి గొలుసు బదులు తోలు బెల్టు. క్లచ్ అసలే లేదు. సైకిల్‌కున్నట్టు పెడల్స్ మాత్రం ఉన్నాయి. మామూలు రోడ్ల మీద రేసులు మొదలైన కొత్తలో ఎత్తు రాగానే వీరులంతా పెడల్ తొక్కేవాళ్ళనీ, తర్వాత దాన్ని నిషేధించారనీ ఆమె మొగుడు వీరేశం, ఇంటికొచ్చిన ప్రతివాడికీ చాయ్‌తో పాటు వడ్డించేవాడు. పాత బళ్ళ క్లబ్ వాళ్ళు ఏటా ఆ పద్ధతిలోనే ఒక కంకర రోడ్డు మూసి కొండ రేసు పెడతారు. పెడల్ ముట్టకుండా పైకి చేరాలి. తొంభై అయిదు కిలోల వీరేశం మూడేళ్ళు ప్రయత్నించాడు. ప్రతిసారీ సగం దారిలో ఇంజన్ కొండెక్కేది గాని, బండి కొండెక్కేది కాదు.

"ఈసారి ఎక్కకపోతే మ్యూజియంకు ఇచ్చేస్త. గ్యారేజ్ నీది," అన్నాడు ముందురోజు.

"ఎక్కితే?"

"గ్యారేజ్ బండిది. మళ్ల అడగొద్దు."

నిరుపమ నవ్వుకుంటూ ఒప్పుకుంది. బండి ఎక్కదని ఆమెకు తెలుసు. అయినా పూజ మానలేదు. బండి ఓడిపోవాలి గాని మొగుడు కింద పడకూడదు కదా.

రేసు మైదానం కొంచెం వాలుగా ఉంది. వీరేశం ఇంజన్ వేడెక్కించి ఆపి, మీటలన్నీ సరిచేసి, "ఈ హెల్మెట్ పట్టుకో, సంతకం పెట్టొస్త," అంటూ వెళ్ళాడు. ఆమె చేతుల్లో పూజ పళ్ళెం ఉంది. నిరుపమ హెల్మెట్‌ని నెత్తిన పెట్టుకుంది. బండికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. నిమ్మకాయలు తొక్కించందే పూజ పూర్తి కాదు. పక్కనుంచి తోస్తే బండి కదల్లేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని సీటు మీద కూర్చుని రెండు కాళ్ళతో నేలను తన్నింది.

నిమ్మకాయలు నలిగాయి. బండి మాత్రం ఆగలేదు. వాలులో చక్రం తిరిగింది, క్లచ్ లేదు గనక చక్రంతో పాటే ఇంజన్ తిరిగింది, టపటపమంటూ అంటుకుంది. ఏదో మీట నొక్కితే ఆగుతుందని వీరేశం ఏడేళ్ళలో ఏడొందల సార్లు చెప్పాడు. ఏ మీటో ఆమె ఒక్కసారీ వినలేదు.

మైదానం చివర దారి రెండుగా చీలుతుంది. అక్కడ క్లబ్ తరఫున తాడు పట్టుకుని గ్రాహం అనే న్యూజిలాండ్ ముసలాయన నిలబడ్డాడు. "ఆపు! ఆపు!" అని అరిచింది నిరుపమ. వెనక నుంచి వీరేశం, "నిరూ, ఆపు, ఆపు," అంటూ పరిగెత్తుకొస్తున్నాడు. గ్రాహంకు వినిపించింది 'అప్, అప్' అని. భార్యాభర్తలిద్దరికీ ఒకటే పట్టుదల అని ముచ్చటపడి, తాడు తీసి కొండదారి చూపించాడు. దారి పక్కన జనం కూడా అందుకున్నారు. "అప్, అప్" అని కొండంతా ఒకటే కోరస్.

చీర అంచు బెల్టులో పడుతుందేమోనన్న భయంతో నిరుపమ కాళ్ళు రెండూ పైకి ముడుచుకుంది. దారిలో ఇద్దరు ఆగిపోయిన బళ్ళను తోసుకుంటున్నారు. వాళ్ళను దాటేసింది. ఏటా వీరేశం ఆగిపోయే మలుపు రానే వచ్చింది. ఇంజన్ దగ్గింది, బండి నెమ్మదించింది. ఇక్కడ ఆగితే గ్యారేజ్ తనది. ఆ సంగతి నిరుపమకు స్పష్టంగా గుర్తుంది. అయినా పైన కనిపిస్తున్న జెండాను చూస్తే ఆమెకు పట్టరాని ఆశ పుట్టింది.

"ఆగకే తల్లీ," అంది బండి మెడ మీదికి వంగి. "ఇంకొంచెం."

యాభై కిలోల మనిషిని మోయడం ఆ ముసలి ఇంజన్‌కు ఒక లెక్క కాదు. మలుపు తిరిగింది, ఎత్తు ఎక్కింది, జెండా దాటి గడ్డిమోపుల్లో ముక్కు దూర్చి ఆగింది. కింద సముద్రం, పైన గాలి, చుట్టూ చప్పట్లు. తన జన్మలో ఇంత సంతోషం ఎరగనని నిరుపమకు అనిపించింది.

గ్రాహం కారులో వీరేశం వచ్చాడు. ముందు భార్య చేతులు తడిమి చూశాడు, తర్వాతే బండిని. అప్పటికి గాని అసలు విషయం తట్టలేదు.

"ఎక్కింది నిరూ," అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "గ్యారేజ్ మరి..."

"బండిదే. మాటంటే మాటే."

కాలు ఒక్కసారైనా పెడల్ మీద పెట్టకుండా ఎక్కిందని మెచ్చుకుంటూ గ్రాహం రిజిస్టర్ తెరిచాడు. క్లబ్ పాత రూలు ప్రకారం పైకి ఎక్కించినవాళ్ళే ఆ బండికి రైడర్, తెచ్చినవాళ్ళు మెకానిక్. రైడర్ అన్నచోట నిరుపమ పేరు రాశాడు.

"చూసిన్రా," అంది ఆమె. "గ్యారేజ్ బండిది, బండి రైడర్‌ది. నా మిషన్లు దాని పక్కన పెట్టుకుంట. మీ స్పానర్లు డైనింగ్ టేబుల్ మీదికి తెచ్చుకోండి."

వారం తిరక్కుండా క్లబ్ నుంచి ఆహ్వానం వచ్చింది. విజేతల విందుకు నిరుపమ గారు దయచేయాలనీ, కావాలంటే తమ మెకానిక్‌ను కూడా వెంట తెచ్చుకోవచ్చనీ రాశారు.

మెకానిక్ టై కట్టుకుని వెళ్ళాడు.