తలకిందుల ఇంటర్వ్యూ

ఆ ఉదయం బావగారి ప్లాను చాలా సింపుల్. పదింటికి బావమరిదిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాలి. భోజనాల వేళకి వాడికి ఉద్యోగం రావాలి. సాయంత్రానికి వాడు పెట్టె సర్దుకుని ఆ ఉద్యోగం ఉన్న ఊరికి వెళ్ళిపోవాలి. రాత్రికి బావగారు తన ముందు గదిలో, తన సోఫాలో కాళ్ళు బారచాపుకుని టీవీ చూడాలి. నాలుగు రోజులుంటానని వచ్చిన బావమరిది ఆ సోఫా మీద ఎంతకాలంగా పడుకుంటున్నాడంటే, ఇంటికొచ్చిన చుట్టాలు వాణ్ణి సోఫా కవరనుకుని మీద కూర్చుంటున్నారు.

ఇంటర్వ్యూ మధ్యలో ఆ సోఫా ఎదురుగా ఉన్న కంప్యూటర్ మొరాయించకూడదని బావగారు ముందురోజే అందులో లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. కెమెరా కదలకుండా మానిటర్ నెత్తిన పెట్టి, విరిగిన కాలికి కట్టినట్టు టేపు చుట్టారు. ఇక పొద్దున బటన్ నొక్కితే లోగో తిన్నగానే వచ్చింది. ఆ తర్వాత డెస్క్‌టాప్ మొత్తం తలకిందులుగా ప్రత్యక్షమైంది.

"బావా, ఇదేంటి ఇలా ఉంది?"

"అది ఫీచర్‌రా. నీకు అర్థం కాదు," అన్నారు బావగారు, తనకీ అర్థం కాక.

మౌస్ కుడికి జరిపితే బాణం ఎడమకి పోతోంది. సెట్టింగ్స్ తెరవబోతే చెత్తబుట్ట తెరుచుకుంది. బావగారు ఫోన్ తీసి, కంప్యూటర్ కష్టాలు చెప్పుకునే ఒక ఫోరంలో వెతికారు. అచ్చం ఇదే సమస్యకి ఒకడు కేబుల్ మార్చమన్నాడు, ఇంకొకడు కంప్యూటరే మార్చమన్నాడు, మూడోవాడు ఆ ఇద్దర్నీ తిట్టాడు. అసలు అడిగినవాడు మాత్రం "సమస్య తీరిపోయింది, థాంక్స్" అని రాసి, ఎలా తీరిందో చెప్పకుండా మాయమయ్యాడు.

"లోపలి గదిలోంచి నా ల్యాప్‌టాప్‌తో దీన్ని సరిచేస్తా. ఎవరూ ఏదీ ముట్టుకోకండి," అని హుకుం జారీ చేసి బావగారు లోపలికెళ్ళి తలుపేసుకున్నారు.

వంటగదిలోంచి అక్క వచ్చింది. ఒక్కసారి చూసింది. మానిటర్‌ని అమాంతం ఎత్తి, తలకిందులుగా తిప్పి, అటూ ఇటూ దిండ్లు పెట్టి గోడకి ఆనించింది. దాని స్టాండు శీర్షాసనం వేసిన యోగి కాళ్ళలా గాల్లోకి లేచింది. బొమ్మ తిన్నగా వచ్చింది.

సరిగ్గా అప్పుడే లోపల బావగారి కమాండ్ పనిచేసింది. బొమ్మ మళ్ళీ తిరగబడింది.

"ఇప్పుడెలా ఉంది?" తలుపు వెనకనుంచి కేక.

"తలకిందులే, బావా!"

బావగారు ఆ కమాండ్‌ని వెనక్కి తీసుకున్నారు. ఈలోగా అక్క మానిటర్‌ని మళ్ళీ తిప్పేసింది.

"ఇప్పుడో?"

"అలాగే ఉంది!"

"అసాధ్యం!" లోపల ఏదో కిందపడిన చప్పుడైంది.

అక్క మూడోసారి తిప్పింది. బావగారు అప్పుడు ఫోరంలో ఎవరినో తిడుతూ ఉండటం వల్ల బొమ్మ తిన్నగా నిలిచింది. వెంటనే ఇంటర్వ్యూ కాల్ వచ్చింది. తెర మీద ఒక పెద్ద ఆఫీసరూ ఒక చిన్న ఆఫీసరూ కనిపించారు. ఇద్దరూ మెల్లగా తలలు పక్కకి వాల్చారు. మానిటర్‌తో పాటు కెమెరా కూడా తిరగబడిందిగా మరి. వాళ్ళకి బావమరిది గబ్బిలంలా వేలాడుతూ, నవ్వుతూ కనిపిస్తున్నాడు.

"అక్కా, టేపు ఊడట్లేదే!"

"ఊడదురా, మీ బావ చుట్టింది కదా. నువ్వు మాట్లాడుతూ ఉండు," అంది అక్క గుసగుసగా.

పెద్ద ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "సారీ అండీ. మా కంప్యూటర్‌లో ఏదో తేడా ఉంది."

కంప్యూటర్లు పాడైనవాళ్ళకి ఫోన్‌లో ధైర్యం చెప్పే ఉద్యోగానికే ఈ ఇంటర్వ్యూ. బావమరిది ఏమాత్రం తడబడకుండా, "కంగారు పడకండి సార్. అలా అవుతూనే ఉంటుంది. నిదానంగా చూసుకోండి," అన్నాడు.

వాళ్ళు తమ టెక్నీషియన్‌ని పిలిచారు. అతనూ లోకజ్ఞానం ఉన్నవాడే. అక్కలాగే, వాళ్ళ మానిటర్‌ని కెమెరాతో సహా ఎత్తి తిరగేశాడు. దాంతో ఆఫీసర్లిద్దరూ ఇక్కడ గబ్బిలాలయ్యారు.

"బావా! ఇప్పుడు వాళ్ళు తలకిందులయ్యారు!"

"ఆగరా, వాళ్ళనీ సరిచేస్తా!" అంటూ బావగారు ఇంకో కమాండ్ కొట్టారు.

అంతే, అందరూ తిన్నగా వచ్చేశారు. రెండు ఊళ్ళలో రెండు మానిటర్లు శీర్షాసనం వేసి, మానవజాతి చరిత్రలో మొదటిసారిగా ఒకదాన్నొకటి తిన్నగా చూసుకున్నాయి. బావగారు తలుపు తీసుకుని, ఇంద్రుణ్ణి ఓడించి వచ్చినవాడిలా బయటికి వచ్చారు. "చూశావుటే? లినక్సంటే ఇదీ!"

"చూశానండీ," అంది అక్క, దిండు సర్దుతూ.

పెద్ద ఆఫీసరు చేతులు జోడించాడు. "మా తప్పుకి మీరు ఒక్క మాట విసుక్కోలేదు. ఇంత ఓపికున్న మనిషిని మేమింతవరకూ చూడలేదు. ఉద్యోగం మీదే, రేపే చేరిపోండి."

బావగారి కళ్ళు చెమర్చాయి. బావమరిదిని కావలించుకుని, మంచం కింది పెట్టె స్వయంగా లాగి దుమ్ము దులిపారు. "బస్సెన్నింటికిరా?"

"బస్సెందుకు? ఇంటి నుంచే పని," ఆఫీసరు గొంతు తెరలోంచి వచ్చింది. "ఆ గదీ, ఆ సోఫా, ఆ కంప్యూటరూ చక్కగా ఉన్నాయి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అక్కణ్ణించి కదలొద్దు."

ఆ సాయంత్రం బావగారు ఫర్నిచర్ షాపుకెళ్ళి, వంటగదిలో గ్యాస్ స్టవ్ పక్కన పట్టే సోఫా ఏదైనా ఉందా అని అడిగారు.