అల్లుడు సైకిలెక్కిన ఆదివారం

ఆ ఆదివారానికి మహేశ్వర్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కోదాడలో ఇంటి నుంచి బయలుదేరి, మట్టిబాటల వెంట సైకిల్ తొక్కుకుంటూ అనంతగిరి అవతల సెల్ టవర్ ఉన్న గుట్ట ఎక్కి, పైన ఒక ఫోటో దిగి భార్యకు పంపాలి. ఇందులో ఎవరికీ నష్టం లేదు, ఎవరితోనూ పని లేదు. అందుకే అది అతనికి అంత నచ్చింది.

సైకిల్ సంగతి కొంచెం చెప్పాలి. మహేశ్వర్ ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. భోజనం కాగానే ఫోన్ పట్టుకుని, ఎక్కడెక్కడి కొండల్లోనో కంకర బాటల మీద ఒంటరిగా సైకిళ్లు తొక్కేవాళ్ల వీడియోలు చూసి చూసి, చివరికి అలాంటిదే ఒకటి కొన్నాడు. వంకర హ్యాండిల్, లావు టైర్లు, కంకర మీద కూడా జారదట. కొన్న కొత్తలో నాలుగు రోజులు తొక్కాడు. తరువాత అది వరండాలో నిలబడి తడి తువ్వాళ్లు మోసింది. చూసినన్నాళ్లు చూసి భార్య స్వరూప ఒకరోజు తేల్చి చెప్పింది.

"ఈ ఆదివారం గుట్ట మీదికి తొక్కి ఫోటో పెట్టకపోతే సైకిల్ మా గణేష్‌కు ఇచ్చేస్త. వాడు ఎప్పటిసంది అడుగుతుండు."

"పెడ్త."

"నడుమల ఏ బండీ ఎక్కొద్దు. ఎక్కితే సైకిల్ పోయినట్టే."

మహేశ్వర్‌కు ఆ సైకిలంటే ప్రాణం. తొక్కకపోయినా ప్రాణమే. బావమరిది దాని మీద యూరియా బస్తా వేసుకుని పొలానికి పోతుంటే చూస్తూ బతకడం తన వల్ల కాదనుకున్నాడు. అందుకే తెల్లవారకముందే లేచి, హెల్మెట్, చేతులకు గ్లౌజులు, బిగుతు లాగు వేసుకుని బయలుదేరాడు. హైవే మీద లారీల మోత పడలేక కాలువకట్ట ఎక్కాడు. అక్కడి నుంచి పొలాల నడుమ బండ్లబాట పట్టాడు. ప్రశాంతత చెడకుండా, ఫోటోకు బ్యాటరీ మిగిలేలా ఫోన్ ఆపేసి జేబులో వేసుకున్నాడు.

తప్పు ఇక్కడే జరిగింది. హైవే మీద వెయ్యిమంది పోతున్నా ఎవరూ ఎవరినీ అడగరు. మట్టిబాట మీద పొద్దున్నే ఒక్క మనిషి కనిపిస్తే మాత్రం, ఎవరు, ఏ ఊరు, ఎందుకొచ్చాడు అన్నది తేలేదాకా చుట్టుపక్కల ఎవరికీ పని సాగదు. లెక్కల మాస్టరు అన్ని లెక్కలూ వేసుకున్నాడు గాని, ఈ ఒక్కటీ వేసుకోలేదు.

బర్రెలను తోలుకుపోతున్న రెడ్యా అనే రైతు చెయ్యెత్తి ఆపాడు.

"బండి ఖరాబైందా సారూ?"

"లేదన్నా. సైకిల్ మీదనే వచ్చిన."

"మోటర్ సైకిల్ లేదా?"

"ఉంది. ఇంట్ల ఉంది."

"పెట్రోల్ అయిపోయిందా?"

"పెట్రోల్ కూడ ఉంది."

రెడ్యా ఆలోచనలో పడ్డాడు. ఇంట్లో బండి ఉంది, బండిలో పెట్రోల్ ఉంది, మనిషి మాత్రం సైకిల్ మీద చెమటలు కక్కుతున్నాడు.

"మరి ఏడికి పోతున్నవ్?"

"గుట్ట మీదికి."

"గుట్ట మీద ఏం పని?"

"ఏం లేదన్నా, ఊరికెనే."

"ఊరికెనే గుట్ట ఎవరు ఎక్కుతరు సారూ?"

మహేశ్వర్‌కు ఆయాసంగా ఉంది. ఒక్క ముక్కలో చెప్పి బయటపడదామని, "జర మనశ్శాంతి కోసం" అనేసి తొక్కుకుంటూ పోయాడు.

రెడ్యా అతని వీపు వంక చూస్తూ నిలబడిపోయాడు. హెల్మెట్ వల్ల మొదట పోల్చుకోలేదు గాని, ఈ మనిషి పక్క ఊరి బీరన్న అల్లుడు. ఏటా ఎండాకాలం బీరన్న గొర్ల మందను పెట్టేది రెడ్యా చెలకలోనే. అంత కావలసినవాడి అల్లుడు మనశ్శాంతి లేక గుట్టలు పట్టి పోతుంటే ఊరుకోవడం బాగుండదని వెంటనే ఫోన్ తీశాడు.

"బీరన్నా, మీ అల్లుడు మోటర్ సైకిల్ ఇంట్ల ఇడిసిపెట్టి, సైకిల్ మీద ఒక్కడే గుట్ట దిక్కు పోతుండు. మొఖమంత ఎర్రగైంది. కండ్లల్ల నీళ్లు గూడ ఉన్నయ్."

ఆ నీళ్లు కంట్లో చెమట పడి వచ్చినవి. అది రెడ్యాకు తెలియదు.

బీరన్న ఫోన్ పెట్టేసి భార్యతో ఒకే మాట అన్నాడు. "అల్లుడు అలిగిండు."

కారణం వెతుక్కోవలసిన అవసరం రాలేదు. పోయిన ఆదివారం కులదేవుడు బీరప్పకు యాటపోతును కోసినప్పుడు, కూతురికి ఫోన్ చేసి ఇద్దరూ రండని చెప్పారు గాని, అల్లునికి వేరుగా చెప్పలేదు. కాలేజీలో పని ఉందని అల్లుడు రాలేదు. ఆ రోజు అతనికి నిజంగానే కాలేజీలో పని ఉంది. కాని ఇప్పుడు బీరన్న దాన్ని నమ్మే స్థితిలో లేడు.

"అల్లునికి నువ్వే ఫోన్ చెయ్యాలెనని నేను అప్పుడే చెప్పిన" అంది పెంటమ్మ. "పోనీ కూరన్న పంపుదామంటే, ఎండకు ఖరాబైతదంటివి."

"కూర సంగతి ఇప్పుడెందుకే?"

"ఇప్పుడు గాకపోతే ఇంకెప్పుడు? మనిషి గుట్టలెక్కినంకనా?"

బీరన్న అల్లునికి ఫోన్ చేశాడు. స్విచాఫ్ వచ్చింది. కూతురికి చేశాడు.

"ఏం గొడవైంది బిడ్డా?"

"ఏం గాలే నాయినా. ఎక్సర్‌సైజ్ కోసం పోయిండు."

"ఎక్సర్‌సైజ్‌కు పోయేటోడు మనశ్శాంతి కోసం పోతున్ననని రెడ్యాతోని ఎందుకంటడు? ఫోన్ ఎందుకు బంద్ పెడ్తడు?"

పెనం మీద దోసె మాడుతున్నా స్వరూపకు తిప్పాలని తోచలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు మనిషి ఒక్క మాటా మాట్లాడలేదు. వీడియో చూస్తున్నాడనుకుంది. సైకిల్ ఇచ్చేస్తానన్నది వేళాకోళానికి కాదు గాని, మరీ అంత గట్టిగా అనకుండా ఉండాల్సిందేమోనని ఆమెకు నిజంగానే బాధ కలిగింది. ఆ కంగారులో సూర్యాపేటలో ఉన్న ఆడబిడ్డ శోభకు ఫోన్ చేసి, మీ తమ్ముడు మీకేమైనా ఫోన్ చేశాడా అని అడిగింది. ఆ ఉదయం జరిగిన పొరపాట్లలో ఇది అన్నిటికన్నా పెద్దది.

"మా తమ్ముడు ఏదున్నా మనసుల పెట్టుకుంటడు" అంది శోభ. "నువ్వేమన్నవ్ స్వరూపా?"

"సైకిల్ ఇచ్చేస్త అన్న వదినా."

"ఎవరికి?"

"మా తమ్మునికి."

"మా తమ్ముని సైకిల్ మీ తమ్మునికా" అని శోభ ఫోన్ పెట్టేసింది. పెట్టేసి నేరుగా బీరన్నకే చేసింది.

శోభ మాట్లాడినంతసేపూ బీరన్న నిలబడే విన్నాడు. విషయం తన చేయి దాటిందని అర్థమై, మిర్యాలగూడలో ఉన్న బావమరిది కృష్ణకు కబురు చెప్పాడు. చుట్టాల్లో ఏ పంచాయితీ అయినా కృష్ణ కూర్చుంటే గాని తెగదని అందరికీ నమ్మకం. అందరికన్నా ఎక్కువ నమ్మకం కృష్ణకే.

"కారు తీస్తున్న" అన్నాడు కృష్ణ. "నేనొచ్చేదాక ఎవ్వరు ఏం ఒప్పుకోకుండ్రి."

అవతల మహేశ్వర్ స్వర్గంలో ఉన్నాడు. పొద్దు పైకొచ్చింది. చేలల్లో పత్తి తెల్లగా పగిలి ఉంది. చక్రాల కింద కంకర గరగరలాడటం తప్ప మరో చప్పుడు లేదు. అలసిన చోటల్లా చెట్టు నీడన ఆగి, వీడియోల్లో చూసిన కొండలకు ఈ గుట్ట ఏం తక్కువని మురిసిపోతూ, నింపాదిగా గుట్ట మొదటికి చేరాడు. ఎత్తు మొదలైన చోట కాలు దించి ఊపిరి పీల్చుకుంటుంటే వెనక ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. దాని వెనక ఆటో, ఆటో వెనక కారు హారన్.

ఆ బాట మీద అన్ని బండ్లు ఒక్కసారి రావడం అదే మొదలు. ట్రాక్టర్ నడుపుతున్నది బావమరిది గణేష్. ట్రాలీలో బీరన్న, టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని పెంటమ్మ ఉన్నారు. ఆటోలోంచి స్వరూప దిగింది. కారులోంచి కృష్ణ దిగాడు. ఆలస్యమైందని నొచ్చుకుంటూ రెడ్యా, అతని భార్య సాలి మోపెడ్ మీద వచ్చారు.

"బావా, నాకు నీ సైకిల్ వద్దే వద్దు" అంటూ గణేష్ ఒక్క దూకు దూకి సైకిల్‌ను ట్రాలీలోకి ఎత్తబోయాడు. మహేశ్వర్ రెండు చేతులతో దాన్ని వాటేసుకున్నాడు.

"ముట్టుకోకు. నేను బండి ఎక్క."

"సూసిండ్రా" అంది పెంటమ్మ అందరితో. "ఎంత కోపమున్నదో."

"నాకేం కోపం లేదత్తమ్మా."

"ఎక్కు" అని స్వరూప బతిమాలింది. "అయిందేదో అయింది, ఇంటికి పోదాం."

మహేశ్వర్‌కు అప్పుడు వెలిగింది. అంటే, వెలిగిందనుకున్నాడు. తనను ఎలాగైనా బండి ఎక్కించి, సైకిల్ పోగొట్టడానికి ఈమె వాళ్లింటి వాళ్లందరినీ దింపింది.

"ఎక్కితే సైకిల్ పోయినట్టేనని నువ్వే అన్నవ్."

"పోదు. నేను చెప్తున్న గద."

"అందరి ముందట గిట్లనే అంటవ్."

కృష్ణ ముందుకొచ్చి అల్లుని భుజం మీద చెయ్యేశాడు. "అలిగిన అని ఒక్క మాట అను అల్లుడూ, మిగిలింది నేను చూసుకుంట."

"నేను అలుగలే మామా."

"అలిగినోడు అలిగిన అంటడా?" అన్నాడు కృష్ణ. రెడ్యాతో సహా అందరూ తలలూపారు.

ఎన్నిసార్లు లేదన్నా గణేష్ చెయ్యి సైకిల్ మీద నుంచి లేవడం లేదు. మహేశ్వర్ ఇక లెక్కల మాస్టరులా ఆలోచించాడు. అలగలేదంటే ట్రాక్టర్ ఎక్కిస్తారు. అలిగానంటే అడిగినదిస్తారు.

"సరే. అలిగిన" అన్నాడు.

అందరి ముఖాల్లోకీ ప్రాణం వచ్చింది. కృష్ణ ఒక బండరాయి చూసుకుని సర్దుక్కూర్చున్నాడు. "ఏం కావాలెనో అడుగు."

"గుట్ట మీదికి నేనే తొక్కుత. ఎవ్వరు ముట్టుకోవద్దు. సైకిల్ గణేష్‌కు ఇయ్యొద్దు."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

కృష్ణ చిన్నబోయాడు. "జర పెద్దదేమన్న అడుగు అల్లుడూ. మిర్యాలగూడ నుంచి వచ్చిన."

అలా మహేశ్వర్ గుట్టెక్కాడు. ముందు అతను, వెనక నడుస్తూ అత్తగారింటి వాళ్లు, ఆ వెనక ఎందుకైనా మంచిదని ట్రాక్టర్. పైన టవర్ దగ్గర ఫోటో తీసుకున్నారు. అందులో అందరూ బాగా పడ్డారు. పెంటమ్మ క్యారియర్ వెనక మహేశ్వర్ హెల్మెట్ కూడా కొంచెం కనిపిస్తుంది. సైకిల్ దక్కినందుకు అతనికి కళ్లు చెమ్మగిల్లాయి, ఈసారి నిజంగానే.

ఆ తరువాత బీరన్న ఇంట్లో మళ్లీ యాట కోశారు. అలక తీరిన అల్లునికి అందరూ తలా ఒక ముక్క వేసి తినిపించారు. విస్తరి ముందు నుంచి లేచేసరికి అతనికి కాళ్లు వంగలేదు.

"ట్రాక్టర్‌ల కోదాడకు దింపుతం తియ్" అన్నాడు బీరన్న.

"ట్రాలీల వేస్తే సైకిల్‌కు గీతలు పడ్తయ్. నేను తొక్కుకొస్త" అంది స్వరూప. పైట నడుముకు చుట్టి, ఒకసారి తొక్కి చూద్దామని సైకిలెక్కి, వాకిట్లోంచి అలా ఊరి బయటికి పోయి, చాలాసేపటికి తిరిగొచ్చింది. హైస్కూలుకు ఆమె రోజూ ఈ కంకరబాటనే సైకిల్ మీద పోయేదట. పెళ్లయ్యాక ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ముఖమంతా వెలిగిపోతోంది.

"వచ్చే ఆదివారం వేములపల్లి దిక్కు కాలువకట్ట మీద నేనొక్కదాన్నే పోత" అంది. "నాక్కూడ జర మనశ్శాంతి కావాలె. ఇగ ఈ సైకిల్ నాది."

మహేశ్వర్ దిక్కుతోచక కృష్ణ వైపు చూశాడు. పొద్దుటి నుంచి తీర్పు చెప్పే అవకాశం రాక చేతులు నలుపుకుంటున్న కృష్ణ గొంతు సవరించుకున్నాడు.

"గణేష్‌కు ఇయ్యొద్దన్నవ్, ఇయ్యలే. స్వరూపకు ఇయ్యొద్దని నువ్వు అనలే."

తీర్పు బాగుందని అందరూ మెచ్చుకున్నారు. స్వరూప గంట కొట్టుకుంటూ ముందు సాగిపోయింది. ఆమె వెనక దుమ్ములో కుదుపుకుంటూ కదిలిన ట్రాలీలో కూర్చుని మహేశ్వర్ అప్పుడు నిజంగానే అలిగాడు గాని, ఆ సంగతి ఒక్కరూ కనిపెట్టలేదు.