పిక్క గారి చివరి వంతు

హెడ్ క్లర్కు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. మీటింగులో ధైర్యంగా నోరు తెరిచి, ఆఫీసుల మధ్య జరిగే రిలే పరుగులో చివరి వంతు తనకే ఇమ్మని మేనేజరుగారిని అడగాలి. కిందటేడు ఆ వంతు ఆయనదే. అందరికన్నా ముందుండి, ఇంకో నాలుగు అంగల్లో గీత దాటతాడనగా పిక్క పట్టేసి మైదానంలో చతికిలబడ్డాడు. వెనక వస్తున్నవాళ్ళు జాలిగా చూస్తూనే దాటుకుపోయారు. అప్పట్నించీ ఆఫీసులో ఆయన పేరు పిక్క గారు. పని మీద వచ్చిన కొత్తవాళ్ళు కూడా "పిక్క గారి సీటెక్కడండీ?" అని అడుగుతుంటే ప్రాణం చివుక్కుమనదా మరి.

ఆ పేరు పోగొట్టుకోవడానికి ఆయన బావమరిదిని ఆశ్రయించాడు. అతను ఫిజియోథెరపిస్టు. పిక్కలకు అంటించుకునే కరెంటు పట్టీలు, వాటిని నడిపే చిన్న రిమోటు ఇచ్చి, "రోజూ కాసేపు పిక్కని ఇలా బిగించి వదులుతుంటే గట్టిపడుతుంది బావా. అంత తేలిగ్గా పట్టెయ్యదు," అన్నాడు. హెడ్ క్లర్కు నెల రోజులుగా నిష్ఠగా చేస్తున్నాడు. నిన్న మాత్రం బ్యాటరీలు మారుస్తానని బావమరిది పట్టుకెళ్ళి, ఈ ఉదయమే తెచ్చిచ్చాడు. ఒక పూట తప్పిపోయిందని ఈయన బెంగ.

"మీటింగులో పెట్టేసుకుంటాను. ప్యాంటు కింద ఎవరికి కనబడుతుంది?"

"వద్దండీ. ఇంట్లో పెట్టుకుంటేనే వీధంతా వినబడేలా మూలుగుతారు," అంది భార్య.

"పళ్ళు బిగబడతాలే."

పెళ్ళాం మాట వినే మొగుళ్ళే లోకమంతా ఉంటే కథలు రాసేవాళ్ళు పస్తులుండాలి. ఆయన పట్టీలు అంటించుకునే బయల్దేరాడు.

మీటింగు మొదలైంది. మేనేజరుగారు కుర్చీల మరమ్మతు గురించి ఏదో చెబుతున్నారు. హెడ్ క్లర్కు జేబులో రిమోటు నొక్కాడు. పిక్కలో చలనం లేదు. జోరు పెంచాడు. ఉహూ. ఇంకా పెంచాడు. మేనేజరుగారు మాట మధ్యలో కెవ్వుమని లేచి నిలబడ్డారు. పెద్దాయన లేచాక మనం కూర్చుంటే ఏం మర్యాదని అందరూ లేచారు.

"మీరంతా ఎందుకు లేచారు?"

"మీరు లేచారనండి," అంది టైపిస్టు.

మేనేజరుగారు కూర్చుని, చెమట తుడుచుకుని, చెయ్యి జేబులో పెట్టుకున్నారు. "సరే, రిలే సంగతి. చివరి వంతు ఈసారి నేనే పరుగెత్తుతాను. అభ్యంతరం ఉన్నవాళ్ళు నిలబడండి."

హెడ్ క్లర్కు గుండె గుభేలుమంది. దాని వెనకాలే పిక్క కూడా గుభేలుమంది. ఆయన స్ప్రింగులా లేచాడు.

"మీకు అభ్యంతరమా?"

"అబ్బే, లేదండి," అని కూర్చున్నాడు.

"అయితే నాకే ఖాయం."

మళ్ళీ లేచాడు. ఈసారి మునివేళ్ళ మీద.

యూనియన్ కార్యదర్శి, ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే రకం. ఆయన కుర్చీ వెనక్కి నెట్టి, "ఇన్నాళ్ళకి ఒక మగాడు మేనేజరుకి ఎదురు నిలిచాడు. మేమంతా మీ వెనకే ఉన్నాం పిక్క గారూ," అని పిడికిలెత్తాడు. వెనక బెంచీ వాళ్ళు జిందాబాద్ కొట్టారు. దేనికని ఎవరూ అడగలేదు.

హడలిపోయిన హెడ్ క్లర్కు ఎలాగైనా యంత్రం ఆపుదామని జేబులో బొత్తాలన్నీ నొక్కేశాడు. మేనేజరుగారు ఎగిరి బల్లను గుద్దుకున్నారు. ఆయనా జేబులో ఏదో నొక్కారు. హెడ్ క్లర్కు గంతేశాడు. బల్లకి అటొకరు, ఇటొకరు, వంతులవారీగా ఎగురుతుంటే టైపిస్టు టీ కప్పులన్నీ తన ఒళ్ళోకి తీసుకుంది.

అప్పుడు తలుపు తోసుకుని బావమరిది వచ్చాడు.

"ఇద్దరూ చేతులు బయటికి తియ్యండి. నిన్న మీ ఇద్దరివీ బ్యాటరీలు మార్చేటప్పుడు రిమోట్లు తారుమారు చేశాను. సార్ది బావ దగ్గరుంది, బావది సార్ దగ్గరుంది."

మేనేజరుగారికీ పిక్కలు పట్టేస్తాయన్న సంగతి అంతవరకూ ఆయనకీ, ఆయనకు వైద్యం చేసే ఈ బావమరిదికే తెలుసు. ముందు టైపిస్టుకు నవ్వాగలేదు. ఆ తరవాత ఎవరికీ ఆగలేదు, చివరికి మేనేజరుగారికి కూడా.

"నేనొక్క బొత్తాం నొక్కితే మీరంత ఎత్తు లేచారు," అన్నారాయన కళ్ళు తుడుచుకుంటూ. "చివరి వంతు మీరే పరుగెత్తండి. నేను గీత దగ్గర ఖాళీ జేబులతో నిలబడతాను."

ఆదివారం హెడ్ క్లర్కు పరుగెత్తాడు. పిక్కలు రెండూ బుద్ధిగా, పువ్వుల్లా ఆడాయి. గీత దాటేసరికి ముందు ఎవరూ లేరు. ఆయనకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. మేనేజరుగారు కప్పు చేతికిచ్చారు. దాన్ని పైకెత్తి, భార్య చూస్తోందో లేదోనని గర్వంగా పక్కకు తల తిప్పాడు. తిప్పిన తల తిప్పినట్టే ఉండిపోయింది. ఫొటోలన్నిట్లోనూ అలాగే పడ్డాడు.

సోమవారం నుంచి ఆఫీసులో ఆయన్ను పిక్క గారు అని ఎవరూ పిలవలేదు. మెడ గారు అన్నారు.