పనికి సరిపడా మనిషి

ఏప్రిల్ మొదటి సోమవారం నుంచి, బెజవాడలోని ఆ లిఫ్టుల మరమ్మతు కంపెనీ ఉద్యోగులు పనికి ఏ అవయవం అవసరమో ఆ అవయవాన్ని మాత్రమే ఆఫీసుకు పంపడం మొదలుపెట్టారు. మెకానిక్కులు చేతులు పంపారు. ఫిర్యాదుల విభాగంలో ఫోన్లకు జవాబు చెప్పే ఆరుగురు అమ్మాయిలు నోళ్ళు పంపారు. స్టోరు చూసుకునే పెద్దాయన కుడికన్ను ఒక్కటే పంపి, సామాను లెక్క చూడ్డానికి రెండోది దేనికని అడిగాడు.

నిజానికి కంపెనీ ఈ విషయంలో కాస్త వెనకబడే ఉంది. ఊళ్ళో మిగతా ఆఫీసులు సంక్రాంతికి ముందే మారిపోయాయి. హాజరు యంత్రం మొదటి రోజునుంచీ అడిగింది వేలే కాని మనిషిని కాదు గనక, నిబంధనలు మార్చాల్సిన పని కూడా పడలేదు. ఉదయం తొమ్మిదిన్నరకు అద్దె వ్యాను వచ్చేది. డ్రైవరు ట్రేలు దించేవాడు. చేతులు వేలు పెట్టి, టూల్ కిట్లు పట్టుకుని ఎవరి దారిన అవి వెళ్ళేవి. అవి అక్కడ ఏం ముట్టుకున్నా ఇంట్లో ఉన్న మనిషికి కాస్త తిమ్మిరిగా తెలుస్తుందనీ, రెండు వారాలకు అలవాటైపోతుందనీ అనేవారు.

సర్వీసు మేనేజరు కొప్పర్తి దక్షిణామూర్తి ఒక్కడే మొత్తంగా వచ్చేవాడు. యాభై ఆరేళ్ళ మనిషి. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఒక్కరోజైనా ఒక్క వేలు కూడా ఇంట్లో వదిలి రాలేదు. టిఫిన్ బాక్సుతో, బీపీ మాత్రతో, మోకాలి నొప్పితో సహా వచ్చేవాడు.

మొదట్లో అతను చేతుల మీద కేకలేశాడు. వాటికి చెవులు లేవు. కాగితాల మీద రాసి ముందు పెట్టాడు. వాటికి కళ్ళు లేవు. చివరికి ఒక మెకానిక్ అరచేతిలో వేలితో ఒక్కొక్క అక్షరమే దిద్ది ‘ఆరో అంతస్తు’ అని తెలియజెప్పాడు. ఆ సాయంత్రమే అనుమతి లేకుండా ఉద్యోగిని తాకినందుకు మెమో వచ్చింది. మెమో కింద మరో సూచన కూడా ఉంది. ఆఫీసులో ఇకమీదట ‘చెయ్యిచ్చాడు’, ‘చేతులెత్తేశాడు’, ‘చేతులు దులిపేసుకున్నాడు’ వంటి మాటలు వాడరాదు. అవి సిబ్బందిని నేరుగా ఉద్దేశించినట్టు ఉంటున్నాయి.

పని ఆగిందని చెప్పడానికి లేదు. చేతులు తమకు తెలిసిన పని చక్కగా చేసేవి. గ్రీజు పెట్టేవి, మరలు బిగించేవి, తలుపుల గాడిలో దుమ్ము తీసేవి. కాని లిఫ్టు ఎక్కడో కిర్రుమంటే అది వినే పని వాటిది కాదు. కాలిన వాసన వస్తే అది ముక్కుల వ్యవహారం. ముక్కులను ఏ ఉద్యోగంలోకీ తీసుకోలేదు.

ఆఫీసు బయట కూడా పరిస్థితి అదే. దక్షిణామూర్తి ఒక పెళ్ళికి వెళితే మూడు వందల కుడిచేతులు వచ్చి అక్షింతలు వేసి వెళ్ళాయి. పెళ్ళికూతురి తండ్రి గుమ్మంలో నిలబడి ఇతన్ని చూసి కంగారుపడ్డాడు. “అయ్యో, మొత్తంగా వచ్చేశారా? కుర్చీలు వేయించలేదండీ,” అన్నాడు. మే నెల మొదట్లో చిన్ననాటి స్నేహితుడు అనంతం పోయాడు. పాడె మొయ్యడానికి సరిగ్గా నాలుగు భుజాలు వచ్చాయి. ఎత్తులో తేడా లేకుండా, తడబడకుండా, రోడ్డు నిబంధనలు పాటిస్తూ మోసుకెళ్ళాయి. ఏడవడానికి కళ్ళు మాత్రం ఎవరూ పంపలేదు. దక్షిణామూర్తి ఒక్కడే వెనక నడుస్తూ ఏడ్చాడు. స్నానం చేసి ఇంటికి రాగానే అనంతం కొడుకు నుంచి సందేశం వచ్చింది. ‘అంకుల్, మీరలా ఏడవడం వల్ల మాకు కొంచెం ఇబ్బందైంది.’

ఆ నెల పద్దెనిమిదో తేదీ పొద్దున పదకొండు గంటలకు పటమటలో ఒక ఆరంతస్తుల అపార్ట్‌మెంట్ లిఫ్టు నాలుగో అంతస్తుకూ ఐదో అంతస్తుకూ మధ్య ఆగిపోయింది. లోపల సత్యవాణి అనే డెబ్బై ఏళ్ళ రిటైర్డ్ లైబ్రేరియన్ ఒక్కతే ఉంది. పన్నెండున్నరకు దక్షిణామూర్తి ఫిర్యాదుల విభాగం పక్కగా వెళుతుంటే, వరసలో మూడో నోరు చాలా మర్యాదగా మాట్లాడుతోంది.

“మీ ఇబ్బంది మాకు అర్థమైందండీ. దయచేసి వేచి ఉండండి. మీ ఇబ్బంది మాకు అర్థమైందండీ.”

నోటి ఎదురుగా వేలాడుతున్న హెడ్‌ఫోన్‌లోంచి ఏదో సన్నగా వినిపిస్తోంది. దక్షిణామూర్తి దాన్ని తీసి చెవికి పెట్టుకున్నాడు.

“...ఫ్యాను ఆగిపోయిందమ్మా. గాలాడ్డం లేదు. నీకు వినపడతందా అసలు?”

“వినపడుతోందమ్మా, చెప్పండి,” అన్నాడు అతను.

అవతల మాట ఆగింది. ఆవిడ ఒక్కసారిగా ఏడ్చింది.

అతను వెంటనే యోహాను చేతుల్ని పంపాడు. యోహాను కంపెనీలో అందరికంటే నేర్పరి. చేతులు పన్నెండు నిమిషాల్లో అక్కడికి చేరాయి. మూడో అంతస్తులో బటన్ల పలక విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాయి. తలుపుకు నూనె వేశాయి. పని పూర్తయిందని ఫోన్లో గుర్తు పెట్టి తిరిగొచ్చాయి. ఫిర్యాదు ముగిసినట్టు ఆఫీసు తెర మీద ఆకుపచ్చ రంగు వచ్చింది. సత్యవాణి ఇంకా లోపలే ఉంది.

దక్షిణామూర్తి స్కూటరు తీశాడు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కాపలా కన్ను అతన్ని కిందినుంచి పైదాకా చూసి వదిలింది. మోకాలు పట్టుకుని ఆరంతస్తుల మెట్లూ ఎక్కి, డాబా మీద మెషిన్ గదికి చేరాడు. కరెంటు ఆపి, బ్రేకు విడిపించి పట్టుకోవడానికి ఒకరు, చక్రం తిప్పి లిఫ్టును అంతస్తు మట్టానికి తేవడానికి ఒకరు కావాలి. మెట్ల మీదికొచ్చి సాయానికి పిలిచాడు. అన్ని అంతస్తుల్లోనూ తలుపులు తెరుచుకున్నాయి. ఒక్కో తలుపులోంచి ఒక్కో చెయ్యి బయటికొచ్చి, బొటనవేలు పైకెత్తి మెచ్చుకుని లోపలికి వెళ్ళింది.

అతను బ్రేకు పిడిని భుజంతో నొక్కిపెట్టి, వంగి, చక్రాన్ని అంగుళం అంగుళం తిప్పాడు. నడుములో ఏదో కలుక్కుమంది. ఇరవై నిమిషాలు పట్టింది.

ఐదో అంతస్తుకు దిగి తలుపు తీసేసరికి సత్యవాణి కూరల సంచీ మీద తల పెట్టుకుని కూర్చుని ఉంది. మెట్ల మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగించాడు. చాలాసేపటికి ఆవిడ తేరుకుని అతన్ని చూసింది.

“ఫోన్లో విన్నది మీరేనా బాబూ?”

“నేనేనండి.”

“గంటన్నర సేపు తిట్టుకుంటా కూచున్నా. ఒక మనిషి వింటన్నాడని తెలిశాక తిట్టబుద్ధి కాలేదు.”

అతను ఆవిడ కూరల సంచీ తీసి పక్కన పెట్టాడు. నడుము పట్టుకుని మెట్లు దిగాడు.

అక్కణ్ణించి నేరుగా సింగ్ నగర్‌లో యోహాను ఇంటికి వెళ్ళాడు. ఇరవై ఆరేళ్ళ యోహాను వాకిట్లో నులకమంచం మీద చేతుల్లేకుండా కూర్చుని, రెండేళ్ళ కూతురికి పాట పాడుతున్నాడు. పిల్ల అతని మోకాళ్ళ మీద గుర్రం ఆడుతోంది.

“ఏరా, ఒక ముసలావిడ ఊపిరాడక చచ్చిపోయేదిరా ఇవాళ! నువ్వు మొత్తంగా వచ్చుంటే ఐదు నిమిషాల పని,” అన్నాడు దక్షిణామూర్తి.

యోహాను పాట ఆపాడు. ముఖం నిజంగానే చిన్నబోయింది. “ఆవిడ బాగానే ఉన్నారా సార్?”

“ఉంది. నీ పుణ్యమేం లేదు.”

“సార్, మీరంటే నాకు గౌరవమండి. పని నేర్పింది మీరే. మా నాన్న మిల్లులో పని చేసేవోడండి. రోజూ మొత్తంగానే ఎళ్ళేవోడు. ఒకరోజు మొత్తం తిరిగి రాలేదండి. కుడికాలు అక్కడే ఉండిపోయింది. మిల్లోళ్ళు ఒక దండేసి పంపించారు, కాలికి కాదు, మా నాన్నకి. అందుకే నేను ముందే లెక్క చూసుకున్నానండి. ఏది పోయినా పరవాలేదో అదే పంపుతున్నా.”

దక్షిణామూర్తికి కోపం అలాగే ఉంది, కాని దాన్ని ఎక్కడ దించాలో తెలియలేదు. పిల్ల అతని ప్యాంటుకున్న గ్రీజు మరకను వేలితో ముట్టుకుని నవ్వింది.

ఇంటికి వెళ్ళాక భార్య శేషారత్నం నడుముకు కాపడం పెడుతుంటే అతను జరిగిందంతా చెప్పాడు. చెప్పి, “ఈ కాలం మనుషులకి ఏ పనీ తమది కాదు రత్నం. ఇరవై ఎనిమిదేళ్ళు నేను మొత్తంగా వెళ్ళాను. ఒక్కపూట కూడా తగ్గలేదు,” అన్నాడు.

ఆవిడ కాపడం గుడ్డ మళ్ళీ వేడినీళ్ళలో ముంచి పిండింది.

“నిజమేనండీ. మొత్తం అక్కడికే వెళ్ళారు. పిల్ల పుట్టినప్పుడు ఆస్పత్రికి మీ సంతకం వచ్చింది. దాని స్కూలుకీ సంతకమే వచ్చింది. మా అమ్మ పోయినప్పుడు మీరొచ్చారు గాని, ఎవరిదో లిఫ్టు ఆగిపోయిందని ఫోన్లో మాట్లాడతా గేటు బయటే నిలబడ్డారు. నేను తప్పు పట్టట్లేదు. ఆ కుర్రోణ్ణి మాత్రం ఏమీ అనకండి.”

అతను బోర్లా పడుకుని ఉన్నాడు గనక ఆవిడ ముఖం కనిపించలేదు.

వారం తిరక్కుండా అతని మీద విచారణ వచ్చింది. ముందస్తు సమాచారం లేకుండా ఒక పూర్తి మనిషి తమ భవనంలోకి ప్రవేశించాడనీ, మెట్ల మీద గట్టిగా పిలిచి నివాసితుల ప్రశాంతతకు భంగం కలిగించాడనీ అపార్ట్‌మెంట్ సంఘం ఫిర్యాదు చేసింది. సత్యవాణి అతన్ని మెచ్చుకుంటూ రెండు పేజీల ఉత్తరం రాసింది. చదివే కళ్ళు ఆ వారం సెలవులో ఉండడంతో అది ఫైలులోకి చేరలేదు.

విచారణకు సిబ్బంది వ్యవహారాల అధికారి హర్షిత నోరు వచ్చింది. డ్రైవరు దాన్ని బల్ల మీద ఒక స్టాండులో పెట్టి వెళ్ళాడు.

“గుడ్ మార్నింగ్ సార్. మీ సేవల పట్ల కంపెనీకి చాలా గౌరవం ఉంది. అయితే మీరు మొత్తంగా రావడం వల్ల మిగతా సిబ్బంది మీద ఒత్తిడి పడుతోంది. మీ ఉద్యోగానికి ఏ అవయవం అవసరమో చెప్పండి సార్.”

“అమ్మా, ఈ ఉద్యోగానికి మనిషి కావాలి. వినాలి, చూడాలి, పరిగెత్తాలి, ఎవరికన్నా ఏమన్నా అవుతుందేమోనని భయపడాలి. ఆ భయం ఏ అవయవంలో ఉంటుందో నాకు తెలీదు. తెలిస్తే అదొక్కటే పంపేవాణ్ణి.”

నోరు నియమం ప్రకారం నలభై సెకన్లు ఆగింది. అతను ఇంకా మాట్లాడుతూండగానే, “మీ అభిప్రాయానికి ధన్యవాదాలు సార్. కంపెనీ మీకోసం ఒక నిర్ణయం తీసుకుంది,” అంది.

నిర్ణయం సబబుగానే ఉంది. కంపెనీలో నోళ్ళున్నాయి, చేతులున్నాయి, కళ్ళున్నాయి. ఫిర్యాదు వినే చెవి ఒక్కటీ లేదని ఈ సంఘటన వల్ల తేలింది. శాఖకు కనీసం ఒక జత చెవులుండాలని పైవాళ్ళూ అంటున్నారు. దక్షిణామూర్తి రిటైరయ్యేదాకా తన చెవుల్ని పంపితే చాలు. మిగతా మనిషి ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోవచ్చు. ఒప్పుకోకపోతే మొత్తాన్నీ ఇంటికి పంపేస్తారు.

అతను రెండు రోజులు ఆలోచించి సంతకం పెట్టాడు. లిఫ్టులో చిక్కుకున్న వాళ్ళ మాట ఎవరో ఒకరు వినాలి కదా అని తనకు తాను చెప్పుకున్నాడు.

జూన్ ఒకటి నుంచి వ్యాను పొద్దున్నే వచ్చి చెవుల్ని తీసుకెళ్ళి, సాయంత్రం ఆరింటికి తెచ్చి ఇచ్చేది. మొదటి రెండు రోజులూ తిమ్మిరిగానే వినిపించింది. మూడో రోజుకు స్పష్టమైంది. కుర్చీలో కూర్చుని పేపరు తిరగేస్తున్నా, మొక్కలకు నీళ్ళు పోస్తున్నా అతనికి వినబడేది ఆఫీసే. తలుపు పడట్లేదండీ. ఎవరైనా ఉన్నారా. ఇది నాలుగోసారి. అతను విన్నది ఎవరికీ చెప్పే ఏర్పాటు లేదు. అతని నోటికి ఆఫీసులో ఉద్యోగం లేదు. చెవులు విన్నట్టు రోజూ రిజిస్టరులో నమోదయ్యేది. శాఖకు ఆ నెల మంచి మార్కులు వచ్చాయి.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం అన్నాలయ్యాక శేషారత్నం అతని ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ మాట్లాడడం మొదలుపెట్టింది. అతనికి చెవులు లేవని ఆవిడకు తెలుసు. పొద్దున వాటిని తుడిచి డబ్బాలో పెట్టి ఇచ్చింది ఆవిడే. అయినా మాట్లాడుతోంది. పెదవులు ఆగకుండా కదులుతున్నాయి. పెళ్ళైన ఇరవై తొమ్మిదేళ్ళలో ఆవిడ ఒక్కసారిగా అంత మాట్లాడ్డం అతను చూడలేదు. మధ్యలో ఒకసారి నవ్వింది. తర్వాత ఏదో చెబుతూ కాయ తుంచడం ఆపేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే ఆఫీసులో ఫోను మోగింది. ఎవరో మగమనిషి. భయపడుతున్నాడు. “హలో, హలో, అసలెవరన్నా వింటన్నారా?”

“వింటున్నాను, చెప్పండి,” అన్నాడు దక్షిణామూర్తి, పాత అలవాటు కొద్దీ, పైకే.

శేషారత్నం మాట ఆపేసి అతని వైపు చూసింది. అతను భార్యతో ‘చెప్పండి’ అనే మనిషి కాదని ఆవిడకు తెలియనిది కాదు. కాసేపు అలాగే చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు జరిపింది. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, మొదటినుంచీ చెప్పడం ప్రారంభించింది.