బట్టీ గుమ్మంలో దగ్గు

"ఉద్యోగుల బుర్రల్లో అక్రమంగా దాగి ఉన్న జ్ఞానాన్ని తొంభై రోజుల్లో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది" అని రాజధాని రబాత్‌లో మంత్రిగారు ప్రకటించారు. పదకొండో రోజుకే మా అజమ్మూర్‌లో డైరెక్టర్ సీ ముంతసిర్, అంటే ముంతసిర్‌గారు, నాలుగు ఫైళ్లతో, ఒక కొలత టేపుతో దిగారు. అంత పెద్ద పని మా ఊరికి వచ్చిందని నా ఛాతీ రెండంగుళాలు పొంగింది.

మా వీధిలో దాగిన జ్ఞానమంతా మునిసిపల్ రొట్టెల బట్టీ నడిపే, వీధంతా నాన్నా అన్నట్టు 'బా' అని పిలిచే బూషైబ్ దగ్గరే ఉంది. రోజుకు రెండొందల ఇళ్ల నుంచి పచ్చి రొట్టెలు వస్తాయి. వాటి మీద పేర్లుండవు, గుర్తులుండవు. కాల్చి ఎవరివి వాళ్లకిస్తాడు. నలభై ఏళ్లలో ఒక్కసారే తప్పాడు, అదీ ఆ ఇంటికి కొత్త కోడలు రావడం వల్ల.

"ఇది ఎవరిదో ఎలా తెలుస్తుంది?" అన్నారు డైరెక్టరు.

"చూస్తే తెలుస్తుంది, సీ ముంతసిర్."

"ఏం చూస్తే?"

"రొట్టెని."

"రొట్టెలో ఏం చూస్తే?"

"ఇది లల్లా దావియాది. పొద్దున్నే మొగుడితో గొడవ పడింది. పిండి ఎలా నలిగిందో చూడండి."

'గొడవ: ఎన్ని గ్రాములు?' అని డైరెక్టరు రాసుకున్నారు.

మూడు వారాల్లో నాలుగొందల పన్నెండు పేజీల మాన్యువల్ తయారైంది. అందులోంచే బా బూషైబ్‌కి పరీక్ష పెట్టారు. వందకి ఏడొచ్చాయి.

"మీ జ్ఞానం మీకే రాదు, బా. మిమ్మల్ని ఉంచడం ప్రజలకి ప్రమాదం."

"ఇంట్లో ఆరుగురం ఈ బట్టీ మీదే బతుకుతున్నాం, సీ ముంతసిర్."

"ఆ ప్రశ్న పరీక్షలో లేదు."

అతని స్థానంలో డిప్లొమా ఉన్న మునీర్‌ని వేశారు. తోచక బా బూషైబ్ వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. రొట్టె కోసం ఒకరు రాగానే మునీర్ మాన్యువల్ తెరిచి ఒక రొట్టె మీద చెయ్యి వేశాడు. గుమ్మంలోంచి దగ్గు వినిపించింది. ఇంకోదాని మీద వేశాడు. నిశ్శబ్దం. అదే ఇచ్చాడు. సాయంత్రానికి రెండొందల ఇళ్లూ సొంత రొట్టె తిన్నాయి. 'మాన్యువల్ నూటికి నూరు పాళ్లు సఫలం' అని రబాత్‌కి రిపోర్టు వెళ్లింది.

డైరెక్టరుగారి చూపు సామాన్యమైంది కాదు. మూడో రోజుకే దగ్గు సంగతి పట్టేశారు. మాన్యువల్‌లో ఒక అధ్యాయం తక్కువైందని ఒప్పుకుని, ముప్పై ఏడు పేజీలు చేర్చారు. మంత్రిగారు ప్రతి బట్టీకీ ఒక దగ్గు అధికారి పోస్టు మంజూరు చేశారు.

దరఖాస్తు నేనే రాసిపెట్టాను. "నీ పని నీకొచ్చినట్టే, బా."

"దగ్గితే జీతమిస్తారా?"

"పెన్షన్ కూడా."

గడ్డం గీయించుకుని వైద్య పరీక్షకి వెళ్లాడు. డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు.

"ఊపిరితిత్తులు పాతికేళ్ల వాడివిలా ఉన్నాయి, బా. దగ్గేదీ?"

"మీరు తప్పు రొట్టె ముట్టుకోండి, వస్తుంది."

"ఇక్కడ రొట్టెల్లేవు" అని, 'దగ్గు లేదు, అనర్హుడు' అని రాసిచ్చాడు.

పోస్టు డైరెక్టరుగారి బావమరిదికి వచ్చింది. పూర్తి అర్హుడు, ఎక్స్‌రే కూడా ఉంది. సోమవారం నుంచి గుమ్మంలో దిండేసిన కుర్చీలో కూర్చుంటున్నాడు. పక్కనే బోర్డు పెట్టారు: 'ఆరోగ్యవంతులకు ప్రవేశం లేదు.' బా బూషైబ్ వీధి అవతలే నిలబడిపోయాడు.

బావమరిదిగారి దగ్గు ఒక్క క్షణం ఆగదు. మునీర్ నిబంధన తప్పడు, దగ్గు వినిపిస్తే చెయ్యి తీసేస్తాడు. బట్టీలో రెండొందల రొట్టెలు చక్కగా కాలి ఉన్నాయి. మూడు రోజులుగా మా వీధిలో ఒక్క రొట్టె కూడా ఎవరిదీ కాదు.