చింతచెట్టు వాంగ్మూలం

ఊళ్ల చరిత్ర చెప్పే అధికారం చెట్లకు అప్పగించాక, కుమ్మరిపాలెం చింతచెట్టు సాక్ష్యం చెప్పడానికి సోమవారం పొద్దున్నే తహసీల్దారు ఆఫీసుకు నడిచి వచ్చింది. దారి పొడవునా కరెంటు తీగలకు తల వంచుతూ రావడంతో కాస్త ఆలస్యమైంది. లోపల పట్టలేదు కాబట్టి ఆవరణలోనే నిలబెట్టారు. వంతు వచ్చేదాకా జనానికి నీడ ఇవ్వమని బంట్రోతు పని పురమాయించాడు. ప్రభుత్వాఫీసులో ఖాళీగా కనబడితే ఎవరికైనా అంతే.

విషయం చిన్నదే. కొత్త రోడ్డుకు కుమ్మరిపాలెం అడ్డొచ్చింది. పాత ఊరని తేలితే రోడ్డు పక్కకు తిరుగుతుంది, ఆక్రమణ అని తేలితే ఇళ్లు లేచిపోతాయి. చెట్టు పక్కనే, పాలెంలో మనుషులందరిలోకీ పెద్దదైన ఎరకమ్మ నిలబడింది.

"ఈ ఊరు ఎప్పటినుంచి ఉంది?" అని చెట్టును అడిగాడు తహసీల్దారు భానోజీరావు.

"నాకన్నా ముందునుంచే ఉంది బావూ. ఈ ఎరకమ్మ ముత్తవ్వకి ముత్తవ్వ మట్టి తొక్కుతా సింతపండు సప్పరించి గింజ ఊసీసింది. ఆ గింజనే నాను."

"అప్పటికి నువ్వు మైనరువి. ఆ మాట చెల్లదు."

"పోనీ, రెండొందలేళ్ల కిందట మొలిసినకాణ్ణుంచి సెప్తాను. కుండలు కాల్సిన పొగ తప్ప నాను మరేటీ పీల్సనేదు."

భానోజీరావు మంచివాడు, నమ్మాడు. కానీ సాక్షి వయసుకు రుజువు కావాలి. దానికి నిబంధనల్లో ఒకటే పద్ధతి ఉంది: నరికి, మొద్దులో వలయాలు లెక్కపెట్టాలి. అభ్యంతరం ఉందా అని చెట్టును మర్యాదగానే అడిగారు. ఊరి కోసమే కదా అని అది ఒప్పుకుంది.

సాయంత్రానికి లెక్క తేలింది. చెట్టు ఒక్క ఏడాది కూడా ఎక్కువ చెప్పలేదు. ఆఫీసంతా సంతోషించి మొద్దుకు దండ వేసింది. సంతకం దగ్గరికి వచ్చాకే చిక్కు బయటపడింది. పోయినవాళ్ల సాక్ష్యం చెల్లదు.

"పాలెంలో ఇంకెవరైనా పాతవాళ్లున్నారా?" అన్నాడు భానోజీరావు.

"నానున్నాను బావూ," అని ఎరకమ్మ ముందుకు వచ్చింది.

"వయసెంత?"

"ఎవులికి తెల్సు బావూ. మాయమ్మ సెప్పనేదు."

భానోజీరావు గుమాస్తా వైపు చూశాడు. రంపం సర్దుకుంటున్న కూలీలను గుమాస్తా చెయ్యెత్తి ఆపాడు.

ఎరకమ్మ చెప్పులు విడిచి పక్కన పెట్టింది. ఆమె వెనక పాలెం ముసలివాళ్లంతా, ఎవరూ చెప్పకుండానే, వయసు ప్రకారం వరసలో నిలబడ్డారు. తోపులాట లేదు. బతికే ఉన్నామని రుజువు చూపించి పింఛను తెచ్చుకునేవాళ్లకు అది అలవాటైన వరసే.