రికార్డు గది కప్పుకు కన్నం

ఆ రోజు రికార్డు కీపరు చేయవలసిన పని ఒక్కటే. ఇంజనీరు రాగానే కప్పులో ఉన్న కన్నం చూపించి నోరు మూసుకోవడం. ఇల్లు దాటేటప్పుడు భార్య కూడా అదే చెప్పి పంపింది. "అడిగినదానికే జవాబు చెప్పండి. ఆ భవనం పురాణం విప్పకండి."

నూట నలభై ఏళ్ల కోర్టు భవనం అది. గజం మందం రాతి గోడలు, టేకు దూలాలు, సున్నం గచ్చు వేసిన కప్పు. రికార్డు గది నెత్తిన మాత్రం పళ్లెమంత కన్నం. పదకొండేళ్లుగా అతను అర్జీలు పెడుతూనే ఉన్నాడు. వాన మొదలైతే దస్త్రాలను పసిపిల్లల్లా చంకనెత్తుకుని ఈ మూల నుంచి ఆ మూలకు మోసేవాడు. ఇంకో రెండు నెలల్లో పదవీ విరమణ. ఒక్క కాగితమూ తడవకుండా తర్వాత వచ్చేవాడికి అప్పగించి వెళ్లాలన్నదే అతని కోరిక.

ఇంజనీరు వచ్చి కన్నం చూశాడు. దూలాన్ని కర్రతో తట్టి పెదవి విరిచాడు. అతుకులు వేసి లాభం లేదని, భవనం మొత్తం పడగొట్టమని రాస్తానని అన్నాడు.

రికార్డు కీపరు ఉండబట్టలేకపోయాడు. ముప్పై నాలుగేళ్లుగా వచ్చినవాళ్లందరికీ మురిపెంగా తిప్పి చూపించిన భవనం! "అది పాడైన కన్నం కాదండీ," అనేశాడు. "కట్టినప్పుడే వదిలారు. మొదట్లో ఇదే కోర్టు హాలు. సాక్షి మీద పైనుంచి వెలుగు పడాలని అలా పెట్టారు. అబద్ధం చెప్పేవాడి మొహం తెలిసిపోతుందట."

ఆ వెలుగు అప్పుడు అతని మొహం మీదే పడుతోంది గానీ ఇంజనీరు ఏమీ కనిపెట్టలేకపోయాడు. పడగొట్టే మాట మానేసి, మరమ్మతు అవసరం లేదని రాసి, పోతూ పోతూ జడ్జిగారి చెవిన వేశాడు. జడ్జిగారు పొంగిపోయి పురావస్తు శాఖకు కబురు పెట్టారు. సాయంత్రానికల్లా అధికారిణి నిచ్చెనతో సహా దిగింది.

నిజం చెప్పేద్దామని రికార్డు కీపరు నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే జడ్జిగారు భుజం తట్టి, "ఇన్నేళ్లూ మాకు చెప్పలేదేమిటండీ?" అన్నారు. తెరిచిన నోరు మళ్లీ మూతపడింది.

వారం తిరక్కుండా పురావస్తు శాఖ ఉత్తర్వు వచ్చింది. కన్నాన్ని పూడ్చడం గానీ కప్పడం గానీ నేరం. ఉత్తర్వు అసలు ప్రతిని అందరికీ కనబడేలా కన్నం కిందే వేలాడదీయాలి. రికార్డు కీపరు దాన్ని అట్టకు అంటించి, తన చేత్తోనే దూలానికి మేకు కొట్టి తగిలించాడు.

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "నా దస్త్రాలను నేనే ముంచేశాను," అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ. భార్య అతన్ని ఒక్క మాట కూడా అనలేదు, అందుకే మరీ దుఃఖం వచ్చింది. ఆమే అంది. "రేపు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేయండి. తిడితే తిడతారు."

మర్నాడు పొద్దున్నే వానలో తడుస్తూ వెళ్లి అంతా చెప్పేశాడు. జడ్జిగారు నిట్టూర్చి, ఉత్తర్వు రద్దుకు రాస్తానన్నారు. "అసలు ప్రతి పట్రండి. నకలు చెల్లదు."

అతను రికార్డు గదికి పరుగెత్తాడు. అట్ట మీద నుంచి నీలం సిరా నీళ్లు ధారగా కారుతున్నాయి, ఉత్తర్వులో ఒక్క అక్షరం మిగల్లేదు.

కన్నం మాత్రం ఉత్తర్వులో చెప్పినట్టే చెక్కుచెదరకుండా ఉంది.